చీనీకాయ పట్టుకొని యూరప్ దాకా: ఒక మాట ఎక్కడ పుట్టిందో మనమే వెతుక్కునేదెట్ల

అనంతపురం చీనీ మార్కెట్లో ఒక మండీలో నేను లెక్కలు రాస్తా. పొద్దున వేలం పాట అయిపోయినాక లారీ లోడ్ అయ్యేదాకా కూర్చునే పనే, ఫోన్లు మాత్రం ఆగవు. ఢిల్లీ సేటు ఫోన్ చేసి "మోసంబీ కిత్నా భాయ్" అంటాడు. విజయవాడ ఆయన "బత్తాయి రేటు ఎలా ఉందండీ" అంటాడు. చెన్నై పార్టీ "సాత్తుకుడి" అంటాడు. నేను బిల్లు మీద రాసేది "చీనీ, 1 లారీ". కుప్ప ఒకటే, కాయ ఒకటే, పేర్లు నాలుగు. నార్పల పక్క నుంచి కాయ తెచ్చే రైతు ఒకాయన, నేను చిన్నాయనా అని పిలుస్తా, తూకం దగ్గర నిలబడి ఒకరోజు అడిగినాడు, "ఏమప్పా, చీనీ చీనీ అంటాం గదా, చీనీ అంటే ఏంది? చైనాదా?" అని. "అవునేమో చిన్నాయనా" అనేసినా. ఆ "ఏమో" ఆరు నెలలు నా బుర్ర తినేసింది. చీనీ నుంచి నారింజకి పోయినా, నారింజ నుంచి ఆరెంజ్‌కి, అక్కడ్నుంచి స్వీడన్, రష్యా, గ్రీసు దాకా పోయినా, అంతా మండీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే.

ఒక మాట పట్టుకొని యూరప్ భాషల్లో దాన్ని ఏమంటారు, ఎందుకంటారు, ఎక్కడ్నుంచి పోయింది అని వెతకాలంటే ఎట్లా చేయాలో నేను చేసిన పద్ధతే రాస్తాండా. భాషాశాస్త్రం చదివుండక్కర్లేదు, నేను బీకాం. ఒక నోట్‌బుక్కు, ఒక ఫోను, నిదానం ఉంటే చాలు.

మొదట మాట ఎంచుకునేటప్పుడే సగం మంది తప్పు చేస్తారు. కన్ను, తల, అమ్మ, రెండు, మూడు, ఇట్లాంటి మాటల జోలికి మొదటిసారే పోవద్దండి. అవి వేల ఏళ్ళుగా ఇంట్లోనే ఉండి అరిగిపోయిన మాటలు, వాటి లెక్క వేరే, దానికి పెద్ద చదువే కావాలి. మొదటిసారి అయితే సంతలో అమ్మే వస్తువు పేరు తీసుకోండి. ఓడ ఎక్కిందో, ఒంటె ఎక్కిందో, ఒక ఊర్లో పుట్టి ఇంకో ఊర్లో అమ్ముడుపోయిందో, అట్లాంటిది. పండు, మసాలా, గుడ్డ, కోడి, గడ్డ, ఏదైనా. అట్లాంటి వస్తువుకి పేరు పెట్టేది పండించినోడు కాదు, చేతికి అందించినోడి ఊరి పేరో వాడి నోట్లో మాటో దానికి అతుక్కుంటది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా లెక్క రాసినట్టే ఉంటది.

వెతికేది యూరప్‌లో అయినా మొదలు మాత్రం మన ఇంట్లో పెట్టండి. ఆంధ్రభారతి సైటులో పాత తెలుగు నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు, బ్రౌన్ దొరది కూడా దాంట్లో ఉంది. 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చిన ఆ మనిషి 1852లో అచ్చేసిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ నాకు రోజూ పనికొస్తది, కడపలో ఆయన పేరు మీద లైబ్రరీ కూడా ఉంది కదా, ఎప్పుడన్నా ఆ పక్కకి పోతే చూసి రండి.

ఇంట్లో మొదలు పెడితే ఏమైందో చూడండి. మోసంబి అంటే మొజాంబిక్, ఆఫ్రికా తూర్పు తీరం, ఒకప్పుడు పోర్చుగీసు వాళ్ళది. బత్తాయి అంటే బటేవియా అంటారు, అంటే డచ్చివాళ్ళు ఇప్పటి జకార్తాకి పెట్టుకున్న పేరు. చీనీ అంటే చైనా. ఇక్కడ మా మండీలోనే ఒకాయన అడ్డం తగిలినాడు, "కాదప్పా, హిందీలో చీనీ అంటే చక్కెర, తియ్యగా ఉంటది కాబట్టి చీనీ అన్నారు" అని. సరే అనుకుందాం, మరి హిందీలో చక్కెరకి చీనీ అని ఎందుకొచ్చింది? అదీ చైనా పేరు మీదనే. ఏ దారిలో పోయినా చైనాకే చేరతాం. అంటే మనం వాడే మూడు పేర్లూ మూడు దూరదేశాల పేర్లు, కాయ మాత్రం మా అనంతపురం పక్క గార్లదిన్నెలో కాసింది.

ఇప్పుడు యూరప్. వికీపీడియాలో ఇంగ్లీషు పేజీ తెరిచి భాషల గుర్తు నొక్కితే అదే పేజీ ఎన్ని భాషల్లో ఉందో అన్నీ వరుసగా వస్తాయి, ఒక్కో భాషలో పేజీ పేరు చూసుకుంటే మాట దొరికినట్టే. కానీ దీన్నే నమ్ముకోవద్దు, కొన్ని భాషల్లో పేజీ పేరు లాటిన్‌లో శాస్త్రీయ నామం ఉంటది, కొన్నిట్లో పండుకి ఒక పేజీ చెట్టుకి ఒక పేజీ ఉంటది. అందుకని విక్షనరీలో, అంటే వికీపీడియా వాళ్ళ నిఘంటువులో, అనువాదాల పట్టిక కూడా తెరిచి పక్కపక్కన పెట్టి చూడాలి. దొరికిన ప్రతి మాటనీ తెలుగు లిపిలో, వినపడినట్టు రాసుకోండి. రాసి చూస్తేనే చెవికి పోలిక తగుల్తది, ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఒకటికొకటి సంబంధం లేనట్టుంటాయి. ఫోన్‌లో స్పీకర్ గుర్తు నొక్కి విని రాయండి, స్పెల్లింగ్ చూసి చదివితే దెబ్బ తింటారు. నేను స్పానిష్ మాటని మొదట "నరంజ" అని రాసుకున్నా, వింటే "నరాన్‌హ" అని ఉంది. అయినా స్పెల్లింగ్ కూడా పక్కన రాసుకోండి, ఎందుకంటే స్పానిష్‌లో ఆ అక్షరం పాతకాలంలో మన జ కి దగ్గరగానే పలికేది, తర్వాత హ వైపు జరిగింది. పలుకు మారినా అక్షరం మారలేదు.

నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇట్లుండాది:

పోర్చుగీసు – లరాంజ
స్పానిష్ – నరాన్‌హ
ఇటాలియన్ – అరాంచ
ఫ్రెంచి – ఒరాంజ్
హంగేరియన్ – నరాంచ్
పోలిష్ – పొమరాంచ
చెక్ – పొమెరాంచ్
డచ్ – సీనాస్ ఆపెల్
స్వీడిష్ – అపెల్‌సీన్
రష్యన్ – అపెల్‌సీన్
ఫిన్నిష్ – అప్పెల్‌సీని
గ్రీకు – పోర్తొకాలి
బల్గేరియన్ – పోర్తొకాల్
తుర్కీ – పోర్తకాల్

ఇది రాసుకున్నాక మనం మండీలో చేసే పనే, గ్రేడింగ్. పెద్ద కాయ ఒక పక్క, మంగు పట్టింది ఒక పక్క, పచ్చిది ఒక పక్క వేసినట్టు పోలిక ఉన్న మాటలన్నీ ఒక కుప్ప వేసేయండి. అర్థం ఆలోచించొద్దు, చెవికి ఎట్లా వినపడితే అట్లా. పైన ఉన్నవి మూడు కుప్పలు అయితాయి. నరాంజ కుప్ప, అపెల్‌సీన్ కుప్ప, పోర్తొకాల్ కుప్ప. పొమరాంచ మొదట నాకు అర్థం కాలేదు, అదేంటో తర్వాత చెప్తా.

కుప్పలు వేసినాక ఒక యూరప్ మ్యాప్ ప్రింట్ తీసుకోండి, జిరాక్స్ షాపులో రెండ్రూపాయలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు తీసుకొని ఏ దేశం ఏ కుప్పో రంగేయండి. నేను ఇది చేసిన రోజు మా హమాలీ వాళ్ళు కూడా పని ఆపి చూసినారు. నరాంజ అంతా స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ పక్క, అట్నుంచి ఫ్రాన్సు, ఇంగ్లండు. అపెల్‌సీన్ అంతా ఉత్తర సముద్రం, బాల్టిక్ సముద్రం ఒడ్డున. పోర్తొకాల్ అంతా గ్రీసు, బాల్కన్ దేశాలు, తుర్కీ. చల్లినట్టు లేవు, ఒక్కో రంగూ ఒక్కో సముద్రం ఒడ్డు పట్టుకొని ఉంది. అంటే ఎవరి ఓడలో వచ్చిందో ఆ ఓడోడి పేరు.

ఒక్కో కుప్పనీ వెనక్కి లాగాలి ఇప్పుడు. వెనక్కి లాగడం అంటే, ఆ మాట ఆ భాషలోకి ఏ భాషనుంచి వచ్చింది, దానికి ముందు ఏ భాషలో ఉండింది అని ఒక్కో మెట్టూ దిగిపోవడం. ఇంగ్లీషుకి ఎటిమాన్‌లైన్ అని మాటల పుట్టుక చెప్పే సైటు చాలు, ఉచితం. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌కి వాళ్ళ వాళ్ళ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, స్పెయిన్ అకాడమీది బాగుంటది, భాష రాకపోయినా ట్రాన్స్‌లేట్ పెట్టుకొని చదువుకోవచ్చు, మనకు కావాల్సింది రెండు లైన్లే కదా.

నరాంజ కుప్పని లాగితే స్పానిష్ వెనక అరబ్బీ "నారంజ్", దాని వెనక పర్షియన్ "నారంగ్", దాని వెనక సంస్కృతం "నారంగ". అక్కడితో ఆగిపోతారు చాలామంది, ఆగొద్దు, సంస్కృతం దగ్గర ఆగడం మనకున్న పెద్ద అలవాటు. ఇంకో మెట్టు దిగితే మన ఇల్లే వస్తది. సంస్కృతానికి ఈ మాట ద్రావిడ భాషల నుంచే పోయుంటదని ఎక్కువ నిఘంటువులు అంటాయి. తమిళంలో నార్తంగాయ్ అనే పుల్లకాయ ఉంది, మలయాళంలో నారంగ అంటే నిమ్మకాయ. బర్రో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ద్రావిడ భాషల ధాతువులన్నీ కలిపి ఒక నిఘంటువు వేసినారు, ఇట్లాంటివి చూడాలంటే అదే ఆధారం. తమిళంలో "నాఱు" అంటే వాసన రావడం, దానికి కాయ కలిస్తే వాసన కాయ. ఇప్పుడు తమిళంలో ఆ మాటకి కంపు కొట్టడం అనే అర్థమే మిగిలింది, పాతకాలంలో మంచి వాసనకి కూడా అదే. ఇదేమీ వింత కాదప్పా, మన "కంపు" సంగతీ అంతే, హిందూపురం దాటి కర్ణాటకలోకి పోయి కంపు అంటే పూల పరిమళం అనుకుంటారు, మనూర్లో అంటే ముక్కు మూసుకుంటారు. మాట అర్థం ఇట్లా కిందికి జారిపోవడం మీరు వెతికే ప్రతి మాటలోనూ ఎక్కడో ఒకచోట తగుల్తది, చూసుకుంటా ఉండండి.

మరి నారంజ్‌లో ఉన్న న ఎటుపోయింది, ఆరెంజ్‌లో లేదే? ఇది నాకు బాగా నచ్చిన భాగం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. ఇటాలియన్‌లో "ఒక నారంజ" అనాలంటే "ఊనా నరాంచ" అనాలి. రెండు న లు పక్కపక్కన పడి, వినేవాడికి మొదటి మాట యాడ ఆగిందో రెండోది యాడ మొదలైందో తెలీక, న ని ముందు మాటకి ఇచ్చేసి "ఊన్ అరాంచ" అని విడగొట్టుకున్నారు. ఫ్రెంచిలోనూ ఇట్లనే న పోయింది. ఇంగ్లీషులో "ఎ నారెంజ్" అనేది "ఆన్ ఆరెంజ్" అయిందని నెట్‌లో చాలామంది రాస్తారు, అది తప్పు, ఇంగ్లీషుకి చేరేటప్పటికే న ఊడిపోయింది. అయితే ఇంగ్లీషులో ఈ తమాషా వేరే మాటల్లో నిజంగానే జరిగింది, క్రికెట్ చూసేవాళ్ళకి చెప్తా, "అంపైర్" మొదట "నంపైర్" లాంటి మాట, ముందున్న "ఎ" అనే చిన్న మాట వచ్చి దాని న ని లాక్కుంది. వెనిస్ పక్క పల్లెభాషలో మాత్రం ఇప్పటికీ "నరాన్స" అనే అంటారు, న భద్రంగా ఉంది. పల్లెభాషలు చూడమనేది అందుకే, పెద్ద భాషలో అరిగిపోయింది అక్కడ అట్లనే ఉంటది.

పోర్చుగీసులో న పోలేదు, ల అయింది, లరాంజ. ఒకే మాటలో రెండు న లు దగ్గరగా ఉంటే నాలుక ఒకదాన్ని మార్చేస్తది. న కీ ల కీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే శ్రీకాకుళం స్నేహితుడికి ఫోన్ చేయండి, మనం "లేదు" అనేది ఆయన "నేదు" అంటాడు.

ఫ్రెంచిలో ముందున్న అ కాస్తా ఒ ఎందుకయింది అంటే, ఫ్రెంచిలో "ఓర్" అంటే బంగారం, బంగారు రంగు కాయ కాబట్టి ఆ మాట వచ్చి దీంట్లో కలిసిపోయింది అంటారు. తెలియని మాటని తెలిసిన మాటలాగా మార్చుకోవడం జనాలకి ఎక్కడైనా అలవాటే.

రెండో కుప్ప, అపెల్‌సీన్. దీన్ని విప్పడం చాలా తేలిక. అపెల్ అంటే ఆపిల్, సీన్ అంటే చైనా. చైనా ఆపిల్! డచ్చివాళ్ళది తిరగేసి ఉంది, సీనాస్ ఆపెల్, చైనా వాళ్ళ ఆపిల్. డచ్చి, ఉత్తర జర్మనీ రేవుల్లోకి తియ్య కాయ దిగింది, ఆ రేవుల వ్యాపారుల పేరే డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దాకా పోయింది. ఇది కనుక్కున్న రోజు నేను లేచి నిలబడినా. స్టాక్‌హోమ్‌లో కొట్టోడు, మా నార్పల చిన్నాయన, ఒకరి మొహం ఒకరు చూడలేదు, ఇద్దరూ ఒకే కాయకి ఒకే పేరు పెట్టుకున్నారు. మన చీనీకాయ అంటే తియ్య నారింజ జాతే, వాళ్ళ ఆరెంజ్ కూడా అదే జాతి, దాని శాస్త్రీయ నామంలో కూడా "సినెన్సిస్" అని ఉంటది, అంటే చైనాది అనే.

ఆపిల్ ఎందుకొచ్చింది మధ్యలో అంటారా, మనకు "కాయ" ఎట్లనో వాళ్ళకి ఆపిల్ అట్ల. ఏ కొత్త పండు వచ్చినా ఏదో ఒక ఆపిల్ అనేస్తారు. ఫ్రెంచివాళ్ళు ఉర్లగడ్డని "నేల ఆపిల్" అన్నారు, ఇటలీవాళ్ళు టమాటాని "బంగారు ఆపిల్" అన్నారు. పొమరాంచ కూడా ఇదే, ఇటాలియన్‌లో ఆపిల్‌కి ఉన్న "పోమో"కి అరాంచ కలిపి చేసిన మాట, అంటే "నారింజ ఆపిల్", అది పోలండు, చెక్ పక్కకి పోయింది. కాబట్టి అది నరాంజ కుప్పలోదే, ముందు ఒక టోపీ పెట్టుకొని వచ్చింది అంతే. వెతికేటప్పుడు మాట పొడుగ్గా కనపడితే రెండుగా విరిచి చూడండి, సగం సార్లు లోపల పాత మాట దాక్కుని ఉంటది.

మూడో కుప్ప మీకే అర్థమైపోయుంటది. పోర్తొకాల్ అంటే పోర్చుగల్. వాస్కో డ గామా 1498లో కాలికట్‌లో దిగినాక తూర్పు సముద్రాల్లో వ్యాపారం పోర్చుగీసు వాళ్ళ చేతికి పోయింది, తియ్య నారింజ యూరప్‌లో బాగా పాకింది వాళ్ళ చలవతోనే. గ్రీసు, బాల్కన్ పక్క వాళ్ళకి అది పోర్చుగల్ కాయ. అరబ్బీలోకి కూడా ఇదే పోయింది. కడప జిల్లా నుంచి కువైట్ పోయి డ్రైవర్‌గా చేసే మా బావమరిదికి ఫోన్ చేసి "అక్కడ ఆరెంజ్‌ని ఏమంటారు రా" అంటే "బుర్తుకాల్ బావా, జ్యూస్ డబ్బా మీద రోజూ చూస్తాండా" అన్నాడు. "పోర్చుగల్ రా అది" అంటే ఒక్క నిమిషం మాట్లాడలేదు వాడు. చూడండి తమాషా, యూరప్‌కి నారంజ్ అనే మాట ఇచ్చిందే అరబ్బులు, తర్వాత వాళ్ళే తియ్యకాయకి యూరప్ దేశం పేరు తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోవాలి. ఒకే దేశానికి రెండు పేర్లు ఉంటే ఎందుకున్నాయి? గ్రీకులో పోర్తొకాలి ఉంది, "నెరాంజి" కూడా ఉంది. నెరాంజి అంటే పుల్లగా చేదుగా ఉండే నారింజ, పోర్తొకాలి అంటే తియ్యది. జర్మన్‌లో కూడా "పొమెరాంట్స" అంటే చేదుదే. ఎందుకంటే అరబ్బుల కాలంలో యూరప్‌కి మొదట వచ్చింది పుల్లనిదే, తియ్యది వచ్చింది ఎన్నో వందల ఏళ్ళ తర్వాత. పాత పేరు పాత కాయకే ఉండిపోయింది, కొత్త కాయ కొత్త పేరుతో వచ్చింది. మన దగ్గరా అంతే కదా, మా జేజికి నారింజకాయ అంటే ఊరగాయ పెట్టే పుల్లకాయే, ఒలిచి తినేది కమలా, పిండి తాగేది చీనీ. స్కూల్ పుస్తకంలో ఆరెంజ్ అంటే నారింజ అని రాసుంటే మా జేజి నవ్వేది, "దాన్ని ఒలుచుకొని తింటే పళ్ళు జివ్వుమంటాయి" అని. రెండు పేర్లు కనపడితే రెండు సార్లు వచ్చిందేమో అని అనుమానించండి, నూటికి తొంభై సార్లు అది నిజమైతది.

కమలా అన్నా కదా, దానికి యూరప్ భాషల్లో మాండరిన్ అంటారు. చైనా అధికారులని పోర్చుగీసు వాళ్ళు "మందరిం" అని పిలిచేవాళ్ళు, ఆ మాట వాళ్ళకి మలయ్ భాషలోని "మెంతెరి" నుంచి దొరికింది, మెంతెరి అంటే మన "మంత్రి"నే. అంటే యూరప్‌లో కమలాపండు పేరు మంత్రిగారి పండు. వదిలేస్తే ఇట్లా పక్కదారుల్లోనే రాత్రి రెండైపోతది, జాగ్రత్త.

అర్థాలు కూడా రాసుకోవాలి, ఒట్టి పండు పేరుతో వదిలేయొద్దు. రంగు ఏమంటారు, చెట్టు ఏమంటారు, సామెతలో ఎట్లా వాడతారు చూడాలి. ఇటాలియన్‌లో పండు ఆడ మాట, చెట్టు మగ మాట, చివర ఒక్క అచ్చు తేడా. రష్యావాళ్ళు పండుని అపెల్‌సీన్ అంటారు గానీ రంగుని "ఒరాంజెవి" అంటారు, పండు ఒక రేవు నుంచి రంగు ఇంకో రేవు నుంచి తెచ్చుకున్నారు. ఇంగ్లీషులో పండు పేరు ముందొచ్చింది, రంగుకి ఆ పేరు వాడటం 16వ శతాబ్దం మొదట్లో గానీ కనపడదు, అంతకుముందు ఆ రంగుని పసుపు ఎరుపు కలిపి చెప్పుకునేవాళ్ళు. అక్కడ రాబిన్ అనే పిట్టకి రొమ్ము నారింజ రంగులో ఉంటది, పేరు మాత్రం ఎర్రరొమ్ము పిట్ట, ఎందుకంటే పేరు పెట్టేనాటికి ఆరెంజ్ అనే రంగు వాళ్ళ దగ్గర లేదు. స్పెయిన్‌లో భార్యనో భర్తనో "నా సగం నారింజ" అంటారు, మనం అర్ధాంగి అన్నట్టు. బాగుంది కదా, మా ఇంట్లో చెప్తే "నన్ను చీనీకాయ అంటావా" అని తిట్లు పడినాయి.

ఇంక గుంతలు. వీటిల్లో నేను పడినా కాబట్టి చెప్తాండా.

ఒకే రకంగా వినపడితే ఒకే మాట అనుకోవద్దు. ఫ్రాన్సులో దక్షిణాన ఆరెంజ్ అనే ఊరుంది. నేను ఒక పెళ్ళిలో పదిమంది ముందు, ఆ ఊర్లో నారింజ తోటలుండేవి అందుకే ఆ పేరు అని గట్టిగా చెప్పేసినా, అక్కడ హిస్టరీ చదువుకున్న పిల్లోడు ఒకడు "కాదంకుల్" అని ఫోన్ తీసి చూపించినాడు. రోమన్ల కాలంలో ఆ ఊరి పేరు "అరౌసియో", నారింజ ఆ దేశానికి రాకముందు నుంచీ ఉన్న పేరు, అరిగి అరిగి ఆరెంజ్ అయింది, పండుతో చుట్టరికం లేదు. కానీ ఆ ఊరి పేరు మీదున్న సంస్థానం 1544లో విలియం అనే ఆయనకి వారసత్వంగా వచ్చింది, ఆయన డచ్చివాళ్ళ తిరుగుబాటుకి నాయకుడైనాడు, వాళ్ళ రాజవంశం పేరు ఆరెంజ్ అయింది, రంగు పేరుతో కలిసిపోయి ఇప్పుడు నెదర్లాండ్స్ వాళ్ళు ఫుట్‌బాల్ అయినా క్రికెట్ అయినా నారింజ రంగు జెర్సీనే వేస్తారు. పండు పేరు మాత్రం అదే దేశంలో సీనాస్ ఆపెల్! రంగుకీ పండుకీ సంబంధం లేని దేశం అది.

కథ బాగుంటే ఇంకా ఎక్కువ అనుమానించండి. నారంగ అంటే నాగ రంగ, నాగ అంటే ఏనుగు అంట, ఒక ఏనుగు నారింజలు తిని తిని కడుపు పగిలి చచ్చిపోయింది, అందుకే ఆ పేరు అని ఒక కథ నెట్‌లో తిరుగుతా ఉంది. ఏ నిఘంటువూ దాన్ని లెక్కలోకి తీసుకోదు. నా లెక్క ఏందంటే, మాట పుట్టుక చెప్పే కథలో రాజో ఏనుగో దేవుడో ఉంటే అది తర్వాత అల్లిందే. నిజమైన పుట్టుకలో ఉండేది వ్యాపారి, ఓడ, తప్పుగా వినడం.

ఏ సంవత్సరం అని అడగడం మర్చిపోవద్దు. ఈ మాట నుంచి ఆ మాట వచ్చింది అని ఎవరైనా అంటే, ఏది ముందు కాగితం మీద కనపడిందో చూడండి, తండ్రి కంటే కొడుకు ముందు పుట్టి ఉంటే ఆ లెక్క తప్పు. నిఘంటువుల్లో మాట పక్కన మొదటిసారి కనపడిన శతాబ్దం వేసుంటారు, మండీలో వే బిల్లు మీద టైము చూసినట్టు దాన్ని చూడాలి.

రెండు నిఘంటువులు ఒకే మాట అంటేనే నోట్‌బుక్‌లో పెన్నుతో రాస్తా, ఒకటే అంటే పెన్సిల్‌తో. వాట్సాప్‌లో వచ్చింది అసలు రాయను.

ఈ కాయతో చేయి తిరిగినాక టర్కీ కోడి పట్టుకోండి, దానంత సరదా మాట ఇంకోటి లేదు. అది పుట్టింది అమెరికా ఖండంలో. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తుర్కీ దేశం పేరుతో పిలుస్తారు, తుర్కీవాళ్ళు "హిందీ" అంటారు, అంటే మనది అని, ఫ్రెంచివాళ్ళు "దాంద్" అంటారు, అదీ ఇండియాదే, డచ్చివాళ్ళ "కల్కూన్"లో మన కాలికట్ ఉంది, పోర్చుగీసు వాళ్ళు "పెరూ" అంటారు. ఎవరికి వాళ్ళు పక్కోడి మీద తోసేసినారు, మన దేశానికి మాత్రం మూడు సార్లు తగిలింది. తెలుగులో "సీమ" కూడా ఇట్లాంటిదే, సీమచింత అంటే మన రాయలసీమ చింత అనుకుంటారు పిల్లోళ్ళు, ఆ సీమ అంటే పరదేశం.

మొన్న నార్పల చిన్నాయన కాయ తెచ్చినాడు. ఈసారి రేటు బాగలేదు, పైగా టన్నుకి సూటు అని తూకంలో కోత, మొహం మాడ్చుకొని కూర్చోనుంటే పక్కన పోయి చెప్పినా, "చిన్నాయనా, నువ్వడిగింది నిజమే, చీనీ అంటే చైనాదే. రష్యావాళ్ళు, స్వీడన్ వాళ్ళు కూడా మనలాగే చైనా కాయ అనే అంటారంట" అని. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకొని కాసేపు నన్నే చూసి, "అట్లనా. మరి ఆడ టన్ను ఎంత పలుకుతాందో కనుక్కోలేదా?" అన్నాడు.